రిమోట్ తెర మీద ఏముండాలి?



హోమ్ థియేటర్ ఉన్న ఇంట్లో టీపాయ్ మీద ఎన్ని రిమోట్లున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. టీవీదో, ప్రొజెక్టర్‌దో ఒకటి. సెట్‌టాప్ బాక్సుది ఒకటి. స్పీకర్లన్నిటినీ నడిపే ఏవీ రిసీవర్‌ది ఒకటి. స్ట్రీమింగ్ స్టిక్కుకో, బ్లూ-రే ప్లేయర్‌కో మరొకటి. ఏసీ రిమోట్ కూడా వాటిలోనే కలిసిపోయి ఉంటుంది గానీ దాన్ని వదిలేద్దాం. ఒక్కో రిమోట్ మీద నలభై దాకా బటన్లు. అన్నీ కలిపితే వంద దాటిపోతాయి. అందులో రోజూ మన వేలు పడేవి పది పదిహేను. మిగతావన్నీ ఎందుకున్నాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు ఒక్కరుంటారు. ‘‘బొమ్మొస్తోంది, సౌండ్ రావట్లేదు, ఒక్కసారి ఇటు రా’’ అని అందరూ ఆ ఒక్కరినే పిలుస్తుంటారు. ఆ మనిషి ఊరెళితే ఆ వారం ఆ ఇంట్లో సినిమా లేదు.

దీనికి విరుగుడుగా వచ్చినవే టచ్‌స్క్రీన్ రిమోట్లు. అన్ని పరికరాలకూ కలిపి ఒకటే రిమోట్, దాని మీద ఒక తెర. ఆ తెర మీద ఏ బటన్ ఎక్కడుండాలి, ఎంత ఉండాలి, నొక్కితే ఏం జరగాలి అనేది మన ఇష్టం. ఆ తెరను ఎలా గీయాలన్నదే ఇవాళ్టి విషయం. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. తెర మీదికి ఎక్కే ప్రతి బటన్‌నీ ‘నీకిక్కడేం పని?’ అని అడగాలి. సరైన జవాబు రానిదాన్ని దించెయ్యాలి. తెర గీసే పనిలో సగం ఇదే. మిగతా సగం తెర వెనక జరిగే తతంగం. చాలామంది ఈ రెండూ వదిలేసి రంగుల దగ్గర, మెరుపుల దగ్గర కూర్చుంటారు.

చరిత్ర కొంచెం చెప్పుకుందాం. అమెరికాలో జెనిత్ కంపెనీ 1950లో ఒక టీవీ రిమోట్ తెచ్చింది. దాని పేరే ‘లేజీ బోన్స్’. బద్ధకస్తుల కోసమని ఒప్పేసుకున్నారన్నమాట. దానికి తీగ ఉండేది, అది నడిచేవాళ్ల కాళ్లకి అడ్డం పడేది. 1955లో అదే కంపెనీలో యూజీన్ పాలీ అనే ఇంజనీరు టార్చిలైటులా పనిచేసే ‘ఫ్లాష్-మాటిక్’ తయారుచేశాడు. టీవీ నాలుగు మూలల్లో వెలుగును పసిగట్టే కళ్లు నాలుగు పెట్టారు. ఏ మూల మీద వెలుగు వేస్తే ఆ పని జరిగేది. కిటికీలోంచి ఎండ పడిందంటే మాత్రం టీవీ తన ఇష్టమొచ్చినట్టు తానే నడిచేది. ఆ మరుసటేడు రాబర్ట్ ఆడ్లర్ ‘స్పేస్ కమాండ్’ తెచ్చాడు. అందులో నాలుగు అల్యూమినియం కడ్డీలు. బటన్ నొక్కితే చిన్న సుత్తి కడ్డీని కొడుతుంది, మనిషి చెవికి అందని ధ్వని పుడుతుంది, టీవీ దాన్ని వింటుంది. బ్యాటరీతో పనే లేదు. బటన్లు నాలుగే.

ఆ నాలుగు నలభై అయ్యేలోపు ధ్వని పోయి ఇన్‌ఫ్రారెడ్ వచ్చింది. ఆపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ 1987లో ‘కోర్’ అనే రిమోట్ తెచ్చాడు. ఇతర రిమోట్ల సంకేతాలను నేర్చుకుని తానే పంపగలిగేది. దానికి ప్రోగ్రాం రాయాలంటే మాత్రం వోజ్నియాక్ లాంటివాళ్లే కావాల్సి వచ్చేది.

మన విషయానికి అసలు మలుపు 1998. ఆ ఏడు ఫిలిప్స్ కంపెనీ ‘ప్రాంటో’ అనే రిమోట్ విడుదల చేసింది. అమెరికాలో ధర దాదాపు 400 డాలర్లు. అదే సరుకును మరాంజ్ కంపెనీ ‘ఆర్‌సీ 5000’ అనే పేరుతో అమ్మింది. అరచేతి కన్నా కాస్త పెద్ద పెట్టె, దాని మీద 320 చుక్కలకు 240 చుక్కల తెర. రంగుల్లేవు. నలుపు, తెలుపు, మధ్యలో రెండు బూడిద ఛాయలు, మొత్తం నాలుగు. ఇవాళ్టి కళ్లతో చూస్తే పాతకాలపు కాలిక్యులేటర్ అనుకుంటారు. అయినా జనం దాని వెంట ఎందుకు పడ్డారంటే, కంపెనీ దాంతోపాటు ఒక సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చింది. కంప్యూటర్‌లో తెరను మనమే గీసుకుని, బటన్లకు మన బొమ్మలే అతికించుకుని, తీగ ద్వారా రిమోట్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఒకాయన తన రిమోట్‌ను అంతరిక్ష నౌక కంట్రోల్ ప్యానెల్‌లా గీసుకుంటే, ఇంకొకాయన తన ఏవీ రిసీవర్ ముఖాన్నే అచ్చుగుద్దినట్టు దించుకున్నాడు. నాలుగు ఛాయలతో బటన్ ఉబ్బెత్తుగా ఉన్నట్టు, నొక్కితే లోపలికి దిగినట్టు కనిపించేలా చేయడం అప్పట్లో ఒక కళ. పైఅంచు తెలుపు, కిందిఅంచు నలుపు గీస్తే ఉబ్బెత్తు. రెండూ తారుమారు చేస్తే నొక్కుడు.

అందంగా గీసిన ఆ తెరల్లో చాలా వాటికి ఒకటే జబ్బు. టీవీకి ఒక పేజీ, రిసీవర్‌కి ఒక పేజీ, డీవీడీకి ఒక పేజీ. అంటే టీపాయ్ మీదున్న నాలుగు రిమోట్లనూ తీసుకొచ్చి ఒకే గాజు కింద పెట్టారు. అంతకు ముందు చేతికి దొరికే బటన్ ఇప్పుడు మూడు పేజీల వెనక దాక్కుంది. కొత్త కష్టం తెచ్చుకున్నట్టే అయింది. సినిమా చూస్తున్నవాడికి బొమ్మ ప్లేయర్ నుంచి వస్తుంది, సౌండ్ రిసీవర్ నుంచి వస్తుంది. పాజ్ చెయ్యాలంటే ఒక పేజీ, సౌండ్ తగ్గించాలంటే ఇంకో పేజీ. మధ్యలో ఫోన్ మోగితే ఈ పేజీలన్నీ తిప్పేదెవరు?

కాబట్టి తెర మీద పరికరాల పేర్లు రాయకూడదు. మనిషి చేసే పని పేరు రాయాలి. మొదటి పేజీలో ‘టీవీ’, ‘సినిమా’, ‘పాటలు’, ‘ఆపు’. అంతే, నాలుగు పెద్ద బటన్లు. ‘సినిమా’ నొక్కితే ప్రొజెక్టర్, రిసీవర్, ప్లేయర్ మూడూ లేవాలి, రిసీవర్ తన దారిని ప్లేయర్ వైపు మార్చుకోవాలి, తెర మీదికి సినిమా పేజీ రావాలి. ఆ పేజీలో ప్లేయర్‌కి సంబంధించిన పాజూ, రిసీవర్‌కి సంబంధించిన సౌండూ పక్కపక్కనే ఉండాలి. ఏది ఏ యంత్రానికి పోతోందో చూసేవాళ్లకి తెలియనక్కర్లేదు. కెనడాలో పుట్టి 2004లో లాజిటెక్ చేతికి వెళ్లిన ‘హార్మొనీ’ రిమోట్లు ఈ పద్ధతినే ఇంటింటికీ అలవాటు చేశాయి.

చెప్పడానికి తేలికే. ఇలా ఒక్క నొక్కుతో వరసగా పది పనులు జరిగేటట్టు రాసిపెట్టిన దాన్ని మాక్రో అంటారు. అది ఎక్కడ బోల్తా పడుతుందో తెలియాలంటే రిమోట్ భాష కొంచెం తెలియాలి.

మీకు అందేంత దూరంలో రిమోట్ ఉంటే ఇప్పుడే ఒక పని చేయండి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ మూతిని దాని వైపు పెట్టి ఏదో ఒక బటన్ నొక్కండి. ఊదా రంగులో ఒక చుక్క మిణుకుమిణుకుమనడం కనిపిస్తుంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు అది. వెనక కెమెరాకి చాలా ఫోన్లలో దాన్ని ఆపే వడపోత ఉంటుంది, అందుకే ముందు కెమెరా వాడమన్నాను. ఆ మిణుకులో లెక్క ఉంది. ఎక్కువ పరికరాలు వాడే ఎన్ఈసీ పద్ధతిలో అయితే ముందు 9 మిల్లీసెకన్ల వెలుగు, తర్వాత నాలుగున్నర మిల్లీసెకన్ల చీకటి. ‘ఇదిగో, మాట్లాడబోతున్నాను’ అని చెప్పడమది. ఆ తర్వాత 32 బిట్లు. చిన్న వెలుగు తర్వాత చీకటి పొట్టిగా ఉంటే సున్నా, పొడుగ్గా ఉంటే ఒకటి. ఎవరికి చెప్తున్నామో 8 బిట్లు, దాన్నే తిరగేసి మరో 8. ఏం చెయ్యమంటున్నామో 8, దాన్నీ తిరగేసి మరో 8. రెండూ సరిపోలకపోతే టీవీ ఆ ఆజ్ఞను పట్టించుకోదు. ఈ వెలుగు కూడా నిలకడగా ఉండదు, సెకనుకి 38 వేల సార్లు ఆరి వెలుగుతుంది. గదిలోకి పడే ఎండ నుంచి, దీపాల వెలుగు నుంచి తన మాటను టీవీ వేరుచేసుకునేది దీని వల్లే.

ప్రాంటో వాళ్లు ఈ సంకేతాలను అంకెల వరసగా రాసే ఒక పద్ధతి పెట్టారు. పదికి బదులు పదహారు అంకెలుండే లెక్కలో (తొమ్మిది తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే అంకెలు), నాలుగేసి గుర్తుల గుంపులు. మొదటి గుంపు నాలుగు సున్నాలుంటే అది నేర్చుకున్న సంకేతమని. రెండో గుంపు సెకనుకి ఎన్నిసార్లు ఆరి వెలగాలో చెప్తుంది. అక్కడ సున్నా, సున్నా, ఆరు, డి అని కనిపిస్తే 38 వేలని అర్థం. తర్వాతి రెండు గుంపులు ఎన్ని వెలుగు చీకట్ల జంటలున్నాయో, బటన్ పట్టుకునే ఉంటే ఎన్ని జంటలు మళ్లీ మళ్లీ పంపాలో చెప్తాయి. ఆ పైన వెలుగెంత, చీకటెంత అనే కొలతలు. కాగితం మీద రాసి పంపగలిగినంత తేలిక. ఈ రోజు తయారయ్యే కొన్ని రిమోట్లకీ, వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్లకీ కూడా ఈ రాత పద్ధతి తెలుసు.

ఇక బోల్తా పడే చోట్లు. వీటిలో అన్నిటికన్నా పెద్దది పవర్ బటన్. మామూలు రిమోట్‌లో పవర్ బటన్ ఒకటే. ఆగి ఉంటే లేస్తుంది, లేచి ఉంటే ఆగుతుంది. చేతిలో రిమోట్, ఎదురుగా టీవీ ఉన్నప్పుడు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే మన కళ్లు చూస్తున్నాయి. మాక్రోకి కళ్లు లేవు. ఇంట్లో పిల్లాడు అప్పటికే టీవీ వేసి కార్టూన్లు చూస్తున్నాడనుకోండి. మీరొచ్చి ‘సినిమా’ నొక్కారు. మాక్రో రిసీవర్‌ని లేపింది, ప్లేయర్‌ని లేపింది, టీవీని ఆపింది. మళ్లీ నొక్కితే టీవీ లేచింది, రిసీవర్ ఆగింది. ఇలా నాలుగుసార్లు జరిగితే ఆ ఖరీదైన రిమోట్ సొరుగులోకి వెళ్లిపోతుంది, పాత రిమోట్లు టీపాయ్ మీదికి వచ్చేస్తాయి.

దీనికి మందు విడివిడి సంకేతాలు. ‘లే’ అనేదానికి ఒకటి, ‘ఆగు’ అనేదానికి ఇంకొకటి. లేచి ఉన్నదాన్ని లెమ్మంటే నష్టం లేదు. కంపెనీ ఇచ్చిన రిమోట్ మీద ఈ బటన్లు కనిపించకపోయినా చాలా పరికరాలు లోపల వీటిని గుర్తుపడతాయి. ఏవీ రిసీవర్లలో ఇవి తరచుగా దొరుకుతాయి. ఇన్‌పుట్లకీ అంతే. ‘సోర్స్’ బటన్ పదే పదే నొక్కుతూ హెచ్‌డీఎంఐ ఒకటి, రెండు, మూడు అని తిరిగే బదులు, తిన్నగా మూడోదానికి వెళ్లే సంకేతం ఉందేమో ముందు వెతకాలి. తెర గీయడం మొదలుపెట్టేది ఈ సంకేతాలు చేతికొచ్చాకే. దొరకని పరికరాలకు కొన్ని చిట్కాలున్నాయి. కొన్ని టీవీలు ఆగి ఉన్నప్పుడు ఛానెల్ అంకె నొక్కితే లేస్తాయి, లేచి ఉన్నప్పుడు నొక్కితే ఛానెల్ మారుతుందంతే. అలాంటి టీవీని లేపడానికి అంకె పంపండి. ఆపాలంటే ముందు అంకె పంపి లేచేలా చూసుకుని, ఆ తర్వాత పవర్ పంపండి. చుట్టుదారే, కానీ తప్పదు. సెట్‌టాప్ బాక్సు విషయంలో నా సలహా, దాని పవర్ జోలికి మాక్రో పోకుండా చూడండి. అది ఎప్పుడూ లేచే ఉండనీయండి.

ప్రొజెక్టర్ గొడవ వేరు. దీపం వేడెక్కి పూర్తి వెలుగుకి రావడానికి అర నిమిషం, కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ సమయంలో ఇన్‌పుట్ మార్చమని చెప్తే చాలా ప్రొజెక్టర్లు వినవు. అందుకని మాక్రోలో అక్కడ ఆగడం రాయాలి. ఆపేటప్పుడు పవర్ ఒకసారి నొక్కితే ‘నిజంగా ఆపమంటారా?’ అని అడుగుతాయి, రెండోసారి నొక్కితేనే ఆగుతాయి. మాక్రో కూడా రెండుసార్లు నొక్కాలి, రెండింటి మధ్య ఒక సెకను వ్యవధి ఇవ్వాలి. ఇక్కడ తెర గీసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయే సంగతి ఒకటుంది. ఆ అర నిమిషం మనిషి ఏం చేస్తాడు? ఏమీ కావడం లేదనుకుని మళ్లీ నొక్కుతాడు. కనుక నొక్కగానే ఆ పేజీ మీదున్న బటన్లన్నీ మాయం కావాలి. ‘ప్రొజెక్టర్ వేడెక్కుతోంది’ అన్న మాట, కింద నెమ్మదిగా నిండే గీత ఒకటి కనపడాలి. నొక్కడానికేమీ లేని తెర కూడా ఒక్కోసారి మంచి తెరే.

ఫిలిప్స్ వాళ్ల సొంత పద్ధతి ఆర్‌సీ-5లో మరో తమాషా ఉంది. అందులో 14 బిట్లు. వాటిలో ఒకటి బటన్ వదిలి మళ్లీ నొక్కిన ప్రతిసారీ మారుతుంది. నొక్కి పట్టుకున్నారా, రెండుసార్లు నొక్కారా అని టీవీ తెలుసుకునేది దాంతోనే. మరో రిమోట్ ఈ సంకేతాన్ని ఉన్నదున్నట్టు నేర్చుకుంటే ఆ బిట్ మారకుండా గడ్డకట్టుకుపోతుంది. మీరు 11వ ఛానెల్ కోసం ఒకటి, ఒకటి అని నొక్కుతారు. టీవీ ఒకటో ఛానెల్ పెట్టి ఊరుకుంటుంది. 12 అయితే చక్కగా పెడుతుంది! దెయ్యం పట్టిందనుకుంటారు. నేర్పించకుండా రిమోట్‌లో ముందే ఉన్న ఆర్‌సీ-5 సంకేతాన్ని వాడుకుంటే దెయ్యం వదులుతుంది.

వెనక తతంగం ఇలా కుదిరాక తెర ముందుకొద్దాం.

హోమ్ థియేటర్ గది చీకటిగా ఉంటుంది. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అలాంటి గదిలో సౌండ్ తగ్గిద్దామని రిమోట్ ముట్టుకోగానే తెల్లటి తెర మొహం మీద భగ్గున వెలిగితే, నొక్కినవాడికే కాదు, పక్కన కూర్చున్న నలుగురికీ ఇబ్బందే. వెనుకతలం నలుపుగానో ముదురు బూడిదగానో ఉండాలి. అక్షరాలు మరీ పాలతెలుపు వద్దు, మసక పసుపో నారింజో నయం. తెర మొత్తం వెలుగు ఎంత తగ్గించవచ్చో అంత తగ్గించి, చీకట్లో కూర్చుని సరిచూడండి. పగటిపూట కంప్యూటర్ ముందు కూర్చుని ఎంచిన రంగుల్ని రాత్రి గదిలో చూసి మార్చుకోవలసి రావడం మామూలే.

బటన్ ఎంత ఉండాలి? ఫోన్లకు గూగుల్ చెప్పే కొలత సుమారు 9 మిల్లీమీటర్ల చదరం. అది కళ్లతో చూస్తూ నొక్కేవాడికి. చీకట్లో, సినిమా మీద ధ్యాస ఉన్నవాడికి అంతకు రెట్టింపు ఇవ్వండి. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తేల్చి చెప్పాడు, గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే చెయ్యి దాన్ని చేరడానికి అంత ఎక్కువ సేపు పడుతుందని. కాబట్టి పాజ్ బటన్ పేజీలో అన్నిటికన్నా పెద్దదిగా, బొటనవేలు తేలిగ్గా పడే చోట ఉండాలి. ‘ఆపు’ బటన్ దాని పక్కన ఉండకూడదు. ప్రొజెక్టర్ పొరపాటున ఆగిపోతే చల్లారి, మళ్లీ వేడెక్కేదాకా అందరూ చీకట్లో కూర్చోవాలి. ‘ఆపు’ను పై మూలకి నెట్టి, రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే పనిచేసేలా రాయండి. అంకెల పలక పెట్టేటట్టయితే ఫోన్‌లో ఉన్నట్టు ఒకటి, రెండు, మూడు పై వరసలో రావాలి. కాలిక్యులేటర్ వరస పెడితే చేతులు తడబడతాయి. అసలు అంకెల పలకే వద్దంటాను నేను. ఇంట్లో చూసే ఛానెళ్లు ఎనిమిదో పదో ఉంటాయి. ఆ పేర్లతో పది బటన్లు పెట్టి, వెనక నంబర్లు మాక్రోగా పంపండి. ఎవరూ ఛానెల్ నంబర్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

పేర్లు అన్నాను కాబట్టి మన అక్షరాల సంగతి. ప్రాంటోలో బటన్ అంటే ఒక బొమ్మ. ఫాంటు లేకపోయినా ఫర్వాలేదు, తెలుగు అక్షరాలను బొమ్మగా గీసి అతికించవచ్చు. ఇప్పటి ఫోన్లు, టాబ్లెట్లలో తెలుగు ఫాంట్లే ఉన్నాయి. చిక్కల్లా ఎత్తు దగ్గర వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల కోసం తయారైన బటన్‌లో ‘టీవీ’ అని రాస్తే పైన గుడుల దీర్ఘాలు అంచుకి తగులుతాయి. ‘వార్తలు’ అని రాస్తే రేఫం కింద ఉన్న త వత్తు తెగిపోతుంది. తలకట్టుకి పైన కొంత, వత్తుకి కింద కొంత, రెండు వైపులా చోటు వదిలితేగానీ మన అక్షరం నిండుగా కనిపించదు. సన్నటి గీతల ఫాంటు మసక వెలుగులో చెదిరిపోతుంది, కాస్త లావుది ఎంచుకోండి. ఇంట్లో ఏ మాట వాడతారో ఆ మాటే రాయండి. ‘సౌండ్’ అనే ఇంట్లో ‘ధ్వని పరిమాణం’ అని రాస్తే బటన్ చాలదు, మనిషికీ అర్థం కాదు. పెద్దవాళ్ల పేజీ వేరే పెట్టడం కూడా మంచి పద్ధతే. వాళ్లు చూసే నాలుగు ఛానెళ్లు, సౌండ్ పెంచు, తగ్గించు, అంతే. పిల్లల పేజీలో సౌండ్‌కి ఒక హద్దు పెడితే ఇరుగుపొరుగు దీవిస్తారు.

ఇంతసేపూ తెర గురించి చెప్పి ఇప్పుడు దానికే ఎదురు చెప్పబోతున్నాను. సౌండ్ పెంచడం, తగ్గించడం, మ్యూట్, పాజ్, ఛానెల్ మార్చడం, ఈ కాసిని పనులకు తెర పనికిరాదు. గాజు నున్నగా ఉంటుంది. బొటనవేలికి ఎక్కడున్నానో తెలియదు. మామూలు రిమోట్‌లో ఐదో అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది చూడండి, కళ్లు టీవీ మీదే ఉంచి వేలితో దారి వెతుక్కోవడానికే అది. గాజు మీద ఆ బొడిపె ఎక్కడ పెడతారు? అప్పటి ప్రాంటో తెర ఒత్తితేగానీ పలికేది కాదు, గోరుతోనైనా నొక్కవచ్చు. ఇప్పటి ఫోన్ల తెరలు తాకితే చాలు పలుకుతాయి, రిమోట్ అందుకోబోయిన చెయ్యి తగిలి సినిమా ఎగిరి ముందుకెళ్లిపోతుంది. ఆపిల్ కంపెనీ 2015లో తన టీవీ పెట్టెకి గాజు తలం ఉన్న రిమోట్ ఇచ్చింది, దాని మీద వేలు రాస్తే టీవీలో గుర్తు జరిగేది. 2021లో దాన్ని మార్చి నాలుగు దిక్కులకీ నొక్కుడు బటన్లున్న చక్రం పెట్టింది. మ్యూట్‌కి, పవర్‌కి విడిగా బటన్లిచ్చింది. మొదటి ప్రాంటోలోనే సౌండ్‌కీ, మ్యూట్‌కీ, ఛానెల్‌కీ తెర పక్కన నిజమైన బటన్లు పెట్టారు. గంటకి పదిసార్లు చేసే పనికి బటన్, రోజుకి ఒకటి రెండుసార్లు చేసేదానికి తెర. కొనేవాళ్లయినా తయారుచేసుకునేవాళ్లయినా ఈ పంపకం ఉన్నదాన్నే తీసుకోండి.

ఇంట్లో తయారుచేసుకోవాలన్న సరదా ఉంటే ఇప్పుడు పెద్ద ఖర్చు కాదు. పక్కన పడేసిన పాత టాబ్లెట్ ఒకటి తెర అవుతుంది. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ ఒకటి, దానికి తగిన ట్రాన్సిస్టరు, సంకేతాలు నేర్చుకోవడానికి మూడు కాళ్ల 38 కిలోహెర్ట్జ్ రిసీవర్ ఒకటి. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట ఇవన్నీ దొరుకుతాయి. బోర్డును పరికరాలకు ఎదురుగా పెట్టండి, తెర మీ చేతిలో ఎటు తిరిగి ఉన్నా పనవుతుంది. టాబ్లెట్ పక్కన నాలుగు బటన్ల చిన్న బ్లూటూత్ రిమోట్ పెట్టుకుంటే సౌండ్ బాధ కూడా తీరుతుంది. కొన్ని ఫోన్లలో ఇన్‌ఫ్రారెడ్ ముందే ఉంటుంది గానీ, ఇంటి రిమోట్‌గా ఒకరి ఫోన్‌ని నమ్ముకుంటే ఆ మనిషితోపాటే రిమోట్ కూడా ఊరెళుతుంది.

గీసిన తెర బాగుందో లేదో గీసినవాళ్లకి తెలియదు. ఇంట్లో యంత్రాలంటే పడనివాళ్లకి రిమోట్ చేతికిచ్చి ‘‘అత్తయ్యా, ఏదైనా సినిమా పెట్టండి’’ అని ఊరుకోండి. నోరు విప్పొద్దు. వేలు ఎక్కడ ఆగిందో, ఏ బటన్ మీద తచ్చాడిందో చూడండి. ఆవిడ ‘‘ఇదేంటిది?’’ అని అడిగిన ప్రతి బటనూ తీసెయ్యాల్సిందో, పేరు మార్చాల్సిందో అయి ఉంటుంది. వారం పోయాక ఎవరూ ముట్టుకోని బటన్లు ఇంకో విడత దించండి.

చివరగా ఒక జాగ్రత్త. ప్రాంటో రిమోట్ల వ్యాపారాన్ని ఫిలిప్స్ 2010లో వదిలేసింది. హార్మొనీ రిమోట్ల తయారీ ఆపేస్తున్నట్టు లాజిటెక్ 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. రేపు మీరు కొనే రిమోట్ కంపెనీ కూడా ఎన్నాళ్లుంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. ఆ కంపెనీ సర్వర్‌లో తప్ప మీ దగ్గర ఏమీ లేకపోతే, వాళ్లు తలుపేసిన రోజున మీ కష్టం కూడా లోపలే ఉండిపోతుంది. అందుకని తెర గీసిన ఫైలు, బటన్ల బొమ్మలు, ప్రతి పరికరం సంకేతాలు అంకెల్లో, ఈ మూడూ మీ సొంత కంప్యూటర్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుకోండి. ఏ మాక్రోలో ఏది ఎన్ని సెకన్లు ఆగాలో కాగితం మీద రాసి ఏవీ రిసీవర్ వెనక అతికించండి. రేపు రిమోట్ మారినా ఆ కాగితం పనికొస్తుంది.